కోర్టుల చుట్టూ తిరుగుదాం రండి

ఎక్కండి. హెల్మెట్ పెట్టుకోండి, వెనక కూర్చున్నవాళ్లకూ తప్పదు. పోయేది కోర్టులకు, చలానా రాయించుకుని గేటు దాటితే బాగుండదు. బండి పాత స్ప్లెండర్. సెల్ఫ్ మీద ఆశ పెట్టుకోకండి, పొద్దున కిక్కు కొడితేనే లేస్తుంది. కార్తీకం చివర, చలి ఇంకా ముదరలేదు. హనుమకొండ అదాలత్ సెంటర్‌లో అమరవీరుల స్తూపం పక్కన నిలబడి ఉన్నాం. టైము పది కావస్తోంది.

ఈ గంటలో ఇక్కడ ఎవరు ఎందుకొచ్చారో నడక చూసి చెప్పొచ్చు. ఆటో దిగి ఆగకుండా నడిచేవాళ్లు ఆఫీసులకు. దిగి, ఒక పక్కకు జరిగి, చొక్కా జేబులోంచి నలిగిన చీటీ తీసి చూసుకునేవాళ్లు పేషీకి. చీటీ మీద కేసు నంబరు, తేదీ, వకీలు గుమస్తా ఫోను నంబరు ఉంటాయి. ఆ గుమస్తా ఫోనెత్తితే సగం పని అయినట్టే.

అమెరికాలో కొందరు బండి వాళ్లకు ఒక సరదా ఉంది. రాష్ట్రంలో ఎన్ని కౌంటీలుంటే అన్ని కోర్టుల ముందూ మోటార్‌సైకిల్ నిలిపి ఫొటో దిగుతారు. ఒక్క టెక్సాస్‌లోనే 254 కౌంటీలు. అక్కడ చాలా ఊళ్లలో నడిబొడ్డున చౌరస్తా, దాని మధ్యలో గడియారం గోపురంతో కోర్టు. ఫొటోకు బాగానే ఉంటుంది. మన దగ్గర సరదాకు కోర్టుల చుట్టూ తిరిగినవాణ్ని నేను చూడలేదు. అందుకే తిరుగుదామన్నాను. రాష్ట్రమంతా కాదు, పాత వరంగల్ జిల్లా చాలు. 2016 అక్టోబర్ 11న దీన్ని ఐదు జిల్లాలు చేశారు, 2019లో ములుగు విడిపోయి ఆరయ్యాయి. కలెక్టర్లు అప్పుడే వచ్చారు గానీ జిల్లా కోర్టు మాత్రం చాన్నాళ్లు ఈ హనుమకొండలోనే ఉండిపోయింది. 2022 జూన్ 2న, రాష్ట్ర అవతరణ దినం నాడు, కొత్త న్యాయ జిల్లాలు మొదలయ్యాయి. కోర్టు జనానికి దగ్గరయింది అన్నారు. ఎంత దగ్గరయిందో బండి మీటరు చెబుతుంది. మీటరు చెప్పలేనిది కూడా కొంత ఉంటుంది, అది చెట్ల కింద అడగాలి.

గేటు లోపలికి నడిపిస్తాను, దిగండి. వరుసగా బండ్లు, హ్యాండిళ్లకు కవర్లలో వేలాడే నల్లకోట్లు. అదిగో కొత్త భవనం, పది కోర్టుల సముదాయం. 2021 డిసెంబర్ 19న అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ప్రారంభించారు. హనుమకొండ జిల్లాకూ వరంగల్ జిల్లాకూ పేర్లు వేరైనా కోర్టుల ఆవరణ ఇదే. వరంగల్ అర్బన్ అన్నది హనుమకొండ అయింది, రూరల్ అన్నది వరంగల్ అయింది, ఇదంతా 2021లో. ఊరి మనిషికి ఈ లెక్క అర్థం కాదు, అవసరం కూడా లేదు. "అదాలత్ కాడ దించు" అంటాడు, ఆటోవాడు దించుతాడు.

పదిన్నర. వరండాలో నిలబడండి, గోడకు ఆనకండి, సున్నం అంటుతుంది. తలుపు దగ్గరికి అటెండర్ వచ్చాడు. చేతిలో కాగితం, కళ్లద్దాలు ముక్కు చివరన. పేరు పిలుస్తున్నాడు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి సాగదీసి. మూడు పిలుపులకూ పలకకపోతే గైర్హాజరు. ముద్దాయి అయితే వారంటు దాకా పోతుంది, దావా వేసినవాడైతే దావా కొట్టేయనూ వచ్చు. ఇప్పుడు మెట్ల మీద ఉన్న ఆ ముసలమ్మను చూడండి. చెవి సరిగా వినపడదు. అందుకని మనవణ్ని తలుపు పక్కనే నిలబెట్టింది. వాడు ఫోనులో ఏదో ఆడుకుంటూనే పిలుపు వినగానే "నాయనమ్మా!" అని అరిచాడు. ఆమె కొంగు సర్దుకుని లేచేసరికి అటెండరే రెండు మెట్లు దిగి చెయ్యందించాడు. లోపల ఎంతసేపున్నదో చూడండి. చాయ్ గ్లాసు ఖాళీ కాకముందే బయటికొచ్చింది. "పడ్డదా?" అని మనవడు. "పడ్డది. సంక్రాంతి ఎన్కకు."

ఈ ఆవరణకు ఒక చరిత్ర కూడా ఉంది, కొంచెం బరువైనది. కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన కె. బాలగోపాల్ తర్వాత లా చదివి 1998లో నల్లకోటు వేసుకున్నారు. ఆయనతో కలిసి పౌరహక్కుల పని చేసిన పిల్లల డాక్టరు ఎ. రామనాథం 1985 సెప్టెంబర్‌లో తన క్లినిక్‌లోనే తుపాకీ గుళ్లకు బలయ్యారు. అదే ఉద్యమంలో ఉన్న వకీలు నర్రా ప్రభాకర్ రెడ్డిని 1991 డిసెంబర్‌లో చంపేశారు. ఇక్కడి పాత వకీళ్లలో ఎవర్ని కదిపినా ఆ పదేళ్ల ముచ్చట గొంతు తగ్గించే చెబుతారు. కొత్తవాళ్లు చెప్పే ముచ్చట వేరు: గొర్రెకుంట. 2020 మేలో, లాక్‌డౌన్‌లో, గొర్రెకుంట బావిలో తొమ్మిది శవాలు తేలాయి, దాదాపు అందరూ వలస కూలీల కుటుంబాలవాళ్లే. అదే ఏడాది అక్టోబర్ 28న నిందితుడికి ఇక్కడే ఉరిశిక్ష పడింది. ఐదు నెలల్లో తీర్పు. మెట్ల మీది ముసలమ్మ కేసు వయసెంతో నేను అడగలేదు.

బండెక్కండి, పోదాం. ఒక్క మాట మాత్రం పోతూ పోతూ. వరంగల్ సెంట్రల్ జైలు ఉండేది గుర్తుందా, ఖైదీలు నేసిన జంపఖానాలకు పేరు. 2021లో దాన్ని కూలగొట్టి, ఆ స్థలంలో 24 అంతస్తుల ఆసుపత్రి మొదలుపెట్టారు. ఖైదీలను చర్లపల్లికీ ఇతర జైళ్లకూ తరలించారు. కోర్టు ఊరికి దగ్గరవుతున్న రోజుల్లోనే జైలు దూరమైంది. కొడుకును చూడాలంటే తల్లి ఇప్పుడు హైదరాబాదు బస్సెక్కాలి.

ఆరెపల్లి, గూడెప్పాడ్. ఇక్కడ ములుగు రోడ్డు వదిలి పరకాల వైపు తిరుగుతున్నాం. గట్టిగా పట్టుకోండి, ఎదురుగా వచ్చేవి ఇసుక లారీలు. ఒకదాని వెనక ఒకటి, మధ్యలో సందు ఇవ్వవు. పత్తి చేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి, ఏరేవాళ్ల నడుముకు సంచులు. రోడ్డు పక్కన వడ్లు ఆరబోశారు, అంచుల్లో రాళ్లు పెట్టారు. పగలైతే రాయి కనిపిస్తుంది. రాత్రయితే బండివాడికి ఆ రాయే యముడు. దీని సంగతి మహబూబాబాద్ కోర్టులో మళ్లీ వస్తుంది.

పరకాల. ముందు అమరధామం దగ్గర ఆగుదాం. 1947 సెప్టెంబర్ 2న, దేశానికి స్వతంత్రం వచ్చాక పద్దెనిమిదో రోజున, జాతీయ జెండా ఎగరేయడానికి వచ్చిన జనం మీద నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. 2003లో ఈ స్మారకం కట్టారు. ఇలా ఒకరి మీద ఒకరు పడిపోతున్న బొమ్మలు చూస్తుంటే ఎండలో కూడా ఒళ్లు జలదరిస్తుంది.

కోర్టు దగ్గర చెట్టు కింద ఒక పెద్దాయన ఉన్నాడు, ఆయన పక్కన జాగా ఉంది, కూర్చోండి. చేతిలో బట్టల షాపు కవరు. దాంట్లో న్యూస్ పేపరు చుట్టిన కట్ట. చూస్తారా అన్నట్టు మనవైపు జరిపాడు. పైన పాస్ పుస్తకం, దాని కింద పహాణీ నకళ్లు, అన్నిటి కింద ప్లాస్టిక్‌లో మెరిసే ఒక పసుపుపచ్చ కాగితం.

"యాభై నాలుగుది. ఖాస్రా. మా నాయిన పేరున్నది."

1954-55 నాటి ఖాస్రా పహాణీ అంటే తెలంగాణలో భూమికి పుట్టుపత్రం లాంటిది. ఎవరి పొలం ఎవరిదో, సాగులో ఎవరున్నారో సర్వే నంబరు వారీగా రాసిన లెక్క. తర్వాత ఎన్ని పాస్ పుస్తకాలు వచ్చినా తగాదా పడితే చివరికి దీని దగ్గరికే రావాలి. పెద్దాయన నకలుకు లామినేషన్ చేయించాడు, చెదలు పట్టకుండా. వకీలు తిట్టాడట, ఇంకు, ముద్ర వేలుపెట్టి చూడ్డానికి లేకుండా చేసినవేమని. "నాకేం ఎరుక? ఫొటోకు చేయిస్తరు కదా, కాయితానికి చేయిస్తే తప్పా?"

తప్పు ఆయనది కాదు. 2020లో వచ్చిన కొత్త రెవెన్యూ చట్టం తహసీల్దారు, ఆర్డీవో స్థాయిలో ఉన్న రెవెన్యూ కోర్టులను ఎత్తేసింది. అన్నీ ధరణి పోర్టల్‌లోనే అన్నారు. ధరణిలో పేరు తప్పు పడితే, విస్తీర్ణం తగ్గితే, పక్కవాడి పేరెక్కితే చెప్పుకోవడానికి మండలంలో మనిషి లేకుండా పోయాడు. సివిల్ కోర్టుకు పోండి అన్నారు. రెండు గుంటల తేడాకు కూడా వకాలత్, కోర్టు ఫీజు, వాయిదాలు. 2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం వచ్చి, ఆర్డీవో, కలెక్టర్ దగ్గర అప్పీలుకు మళ్లీ దారి తెరిచింది. అప్పటికే కోర్టు మెట్లెక్కినవాళ్ల కట్టలు మాత్రం ఇలా చెట్ల కింద తిరుగుతూనే ఉన్నాయి. నన్నడిగితే ఈ జిల్లాల్లో సివిల్ కోర్టుల పని సగం భూమే. నిర్ణయించేది జడ్జి అయినా మొదలుపెట్టింది ఎప్పుడో ఒక పట్వారీ కలం.

భూపాలపల్లి రోడ్డు. రేగొండ దాటాం. ఆ కనిపించే వాగు మోరంచ. ఇప్పుడు మోకాలి లోతు లేదు. 2023 జూలై 27న ఈ వాగే మోరంచపల్లిని ముంచెత్తింది. జనం డాబాల మీదికెక్కితే హెలికాప్టర్లు వచ్చాయి. ముందు చేల్పూరు, కాకతీయ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు దూరం నుంచే కనబడుతున్నాయి. మొదటి దశ 500 మెగావాట్లు, రెండోది 600. బొగ్గు టిప్పర్ వెనక పోతే మొహం నల్లబడుతుంది, దస్తీ కట్టుకోండి.

భూపాలపల్లి సింగరేణి ఊరు, షిఫ్టు టైములకు లేస్తుంది, పడుకుంటుంది. కోర్టు దగ్గర కూడా ఆ లెక్కే: ఫస్ట్ షిఫ్టు అయిపోయాక పేషీకి వచ్చేవాళ్లు, సెకండ్ షిఫ్టుకు పోవాలి సార్ త్వరగా పిలిపించండి అనేవాళ్లు. ఈ చిన్న కోర్టు పేరు ఒకసారి దేశమంతా వినబడింది. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాయి. దాని మీద స్థానికుడొకరు ఇక్కడ కేసు వేస్తే మాజీ ముఖ్యమంత్రికి నోటీసులు పోయాయి, వ్యవహారం హైకోర్టుకెక్కింది. కేసు వేసినాయన 2025 ఫిబ్రవరిలో ఇదే పట్టణంలో హత్యకు గురయ్యాడు. కారణం భూతగాదా అని పోలీసులు చెప్పారు. పరకాల చెట్టు కింద చూసిన కట్ట గుర్తొస్తుందా మీకు? నాకైతే వచ్చింది. అన్నం తిందాం పదండి, మెస్సులో పప్పుచారు అయిపోతుంది.

గాంధీనగర్ దగ్గర లోపలికి తిరిగి, గణపురం కోటగుళ్లు దాటి, పాలంపేట. రామప్ప చెరువు గాలి చల్లగా తగులుతోంది. ఆపను, మీరు ఇదివరకే చూసి ఉంటారు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021 జూలైలో యునెస్కో గుర్తింపు. అప్పటి నుంచి రోడ్డు బాగుపడింది. ఇదే వెంకటాపూర్ మండలంలో లక్ష్మీదేవిపేట ఉంది. ఇందాక చెప్పిన జూలై వానకు అక్కడ ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్లు పడింది. ఆ నీళ్లు పడ్డ నేలేనా ఇది అన్నట్టు ఇప్పుడు దుమ్ము లేస్తోంది.

ములుగు చేరేసరికి నాలుగున్నర. చాలా కొత్త జిల్లాల్లోలాగే ఇక్కడా బోర్డు ముందొచ్చింది, భవనాల సంగతి తర్వాత. కానీ ఈ ఊళ్లో బోర్డు విలువ ఎక్కువ. ఎందుకంటే ఏజెన్సీ. మంగపేట నుంచి హనుమకొండకు నూరు కిలోమీటర్లు దాటుతుంది. హత్య కేసులో సాక్ష్యానికి పిలుపొస్తే రాత్రే బయలుదేరాలి, లేదంటే తెలిసినవాళ్లింట్లో పడుకోవాలి. సాక్షికి ఆ రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ పోతుంది, పిలుపు రాకపోతే మళ్లీ పోతుంది. ఇప్పుడు జిల్లా కోర్టు ములుగులో ఉంది, దూరం తగ్గింది. దానికి తోడు 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. బస్టాప్ అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు, గోవిందరావుపేట వైపు పోవాలి. ఎట్లా ఉంది కోర్టు అంటే పెద్దామె నవ్వింది. "కిరాయి లేదు. మా ఆయనకు ఉన్నది. అందుకే నన్ను పంపిస్తడు." కేసు ఆయనదే, తిరిగేది ఈమె. ఇది ఏ చట్టం రాసినవాళ్లూ అనుకుని ఉండరు.

ఆ బస్సు పోయే రోడ్డు పట్టుకుని ఇంకా ముందుకు పోతే పస్రా, తాడ్వాయి అడవి, ఏటూరునాగారం. అక్కడ ఇంకో రకం కోర్టు ఉంది, నల్లకోటు జడ్జి ఉండడు. గిరిజన సంక్షేమ ప్రత్యేక డిప్యూటీ కలెక్టర్ కూర్చుంటారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి చేతులు మారడం మీద 1959 నాటి రెగ్యులేషన్ ఉంది. 1963లో దాన్ని తెలంగాణకు వర్తింపజేశారు, 1970లో కోరలు పెట్టారు. జనం నోట్లో అది 'వన్ ఆఫ్ సెవెంటీ'. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి నుంచి వచ్చిందనే మొదట అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవలసిన భారం ఆ గిరిజనేతరుడిదే. మామూలుగా కోర్టులో అడిగినవాడే రుజువు చూపాలి. ఇక్కడ తక్కెడను తిరగేశారు. కాగితం అలవాటు లేని మనిషిని కాగితం అడగకూడదన్న ఆలోచన అది. మంచి చట్టాల్లో ఒకటి అని నేననుకుంటాను. అమలు గురించి అడిగితే ఆ ఊళ్ల రచ్చకట్టల మీద రాత్రంతా మాట్లాడొచ్చు. మనకు రాత్రి ములుగు లాడ్జీలో పడక ఉంది.

పొద్దున మంచు. కిక్కు ఎక్కువసార్లు కొట్టాల్సి వచ్చింది, మీరు నవ్వారు, చూశాను. జాకారం దగ్గర గట్టమ్మ తల్లి. ఈ దారిన పోయే ఏ డ్రైవరూ ఇక్కడ ఆగకుండా పోడు. కొబ్బరికాయ కొడదాం, నల్లకోటులో ఇద్దరు కూడా కారు దిగి దండం పెట్టుకుంటున్నారు. ఇవాళ వాదనలున్నట్టున్నాయి.

మల్లంపల్లి దగ్గర హనుమకొండ రోడ్డు వదిలి ఎడమకు. నర్సంపేట. పక్కనే లక్నేపల్లి, 1921 జూన్ 28న పి.వి. నరసింహారావు పుట్టిన ఊరు. నాగపూర్‌లో లా చదివి, బూర్గుల రామకృష్ణారావు దగ్గర జూనియర్‌గా చేరిన మనిషి. వకాలత్ మీద ఎక్కువ రోజులు నిలవలేదు, ఏమైందో లోకానికి తెలుసు. ముఖ్యమంత్రిగా ఆయన తెచ్చిన భూసంస్కరణల మీద పుట్టిన దావాలు ఎన్ని కోర్టులను మేపాయో ఎవరూ లెక్క రాసినట్టు లేదు.

నర్సంపేట కోర్టు ముందు ఒక బండి మీద ఇద్దరు దిగారు. ఒకే పోలిక, అన్నదమ్ములు. ఒకాయన బండి స్టాండు వేస్తుంటే ఇంకొకాయన సంచి పట్టుకున్నాడు. లోపలికి పోయాక ఒకాయన ఎడమ బల్ల వకీలు వెనక, ఇంకొకాయన కుడి బల్ల వకీలు వెనక నిలబడ్డారు. కేసు వాళ్లిద్దరి మధ్యే. పొలం గట్టు. ఒకే ఊరు, ఒకే టైము, పెట్రోలు ఎందుకు దండగ అని ఒకే బండి. బయటికొచ్చాక అడిగితే తమ్ముడు చెప్పాడు: "బండి ఆయనది, పెట్రోలు నాది. గట్టు సంగతే తేలలే."

వాళ్ల వకీళ్లు ఇద్దరూ లోక్ అదాలత్‌లో రాజీ చేసుకొమ్మని చెబుతున్నారట. అక్కడ రాజీ అయితే అదే డిక్రీ, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు వాపస్ వస్తుంది. ఖర్చు పెట్టుకోలేని వాళ్లకు 1987 చట్టం కింద ఉచితంగా వకీలును ఇస్తారు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధమే లేదు. ఈ సంగతి కోర్టు గోడ మీద రాసి ఉంటుంది. ఆ గోడకు ఆనుకునే చాలామంది అప్పు తెచ్చిన ఫీజు లెక్కబెట్టుకుంటూ ఉంటారు. ఉచితంగా వచ్చే వకీలు గట్టిగా వాదించడని ఒక నమ్మకం. నమ్మకాన్ని గోడ మీది రాత కొట్టేయలేదు.

గూడూరు మీదుగా మహబూబాబాద్. ఇక్కడివాళ్లకు మానుకోట. దారిలో తండాలు, మిర్చి తోటలు. రైలు పట్టాలు ఊరిని రెండు చేస్తాయి.

నన్నడిగితే ఈ తిరుగుడులో బండివాళ్లు తప్పక ఆగాల్సింది ఇక్కడ, ఏ జిల్లా కోర్టులోనైనా ఉండే యాక్సిడెంటు క్లెయిముల హాలులో. పోలీస్ స్టేషన్ ఆవరణల్లో తుప్పు పట్టిన బండ్లు గుట్టగా పడి ఉంటాయే, మన స్ప్లెండర్ లాంటివే ఎక్కువ. వాటి మీద కూర్చున్న మనుషుల లెక్క ఇక్కడ తేలుతుంది. జిల్లా జడ్జే ట్రిబ్యునల్. బోనులో పాతికేళ్ల అమ్మాయి, చంకలో పిల్లవాడు. భర్త సుతారి మేస్త్రీ. వడ్ల మీద జారాడా, ఎదురుగా వచ్చిన డీసీఎం కొట్టిందా అన్నది మొదటి ప్రశ్న. రెండోది, ఆయన నెలకు ఎంత సంపాదించేవాడు? జీతం చీటీ ఉందా? మేస్త్రీకి జీతం చీటీ ఎవరిస్తారు! ఆమె ఒక అంకె చెప్పింది, ఇన్సూరెన్స్ వకీలు అందులో సగం అన్నాడు.

లెక్క ఎలా వేస్తారో వరండాలో ఒక జూనియర్ వకీలు పెన్నుతో అరచేతి మీద వేసి చూపించాడు. మనిషికి 24 ఏళ్లు అనుకోండి, నెలకు 12 వేలు అనుకోండి. ముందు ముందు సంపాదన పెరిగేదని 40 శాతం కలుపుతారు, 16,800. బతికుంటే తనకోసం ఖర్చు పెట్టుకునేవాడని మూడో వంతు తీసేస్తారు, 11,200. ఏడాదికి 1,34,400. దాన్ని 18తో గుణించాలి. 24 లక్షల 19 వేల 200. ఆ 18 అన్నది సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో ఇచ్చిన పట్టిక. 25 దాకా 18, ముప్పైకి 17, అలా దిగుతూ పోతుంది. అరవై ఐదు దాటితే 5. "హెల్మెట్ లేకపోతే, ముగ్గురెక్కితే, తప్పులో మీకూ వాటా ఉందని కంపెనీ వకీలు కోత పెట్టమంటాడు సార్. మేం ఎంత వాదించినా ఒక్కోసారి కోత పడుతుంది." ఇలా చెప్పి అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకుని లోపలికి పోయాడు. మీరు హెల్మెట్ బెల్టు బిగించుకోవడం గమనించాను.

తొర్రూరులో చాయ్. ఆగేది అంతే.

పాలకుర్తి వైపు తిరిగాక నేల తీరు మారింది, గుట్టలు, తాటిచెట్లు. ఇది విస్నూరు. ఇక్కడి దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి పేరు చెబితే అరవై ఊళ్లు వణికేవని అంటారు. పాలకుర్తిలో బట్టలుతికే చాకలి ఐలమ్మ మల్లంపల్లి దొర దగ్గర కౌలుకు భూమి తీసుకుని సాగు చేస్తే ఆ పంట, ఆ భూమి తనవని దేశ్‌ముఖ్ గుంజుకోబోయాడు. సంఘం వాళ్లు వడిసెలలతో పంటను కాపాడిన కథ అందరికీ తెలుసు. అంతగా చెప్పుకోని సగం కోర్టుది. దేశ్‌ముఖ్ పట్వారీతో కాగితాలు పుట్టించి దావాకు దిగితే ఐలమ్మ పక్షాన వకీలు కొండా లక్ష్మణ్ బాపూజీ నిలబడ్డారు, భూమి ఆమెకే దక్కింది. పోరాటం అనగానే మనకు కర్రలు, తుపాకులే కళ్ల ముందుకొస్తాయి. ఆ రోజుల్లో చదువురాని ఒక ఆడమనిషి నిజాం రాజ్యపు కోర్టులో, ఉర్దూలో నడిచే వ్యవహారంలో, దేశ్‌ముఖ్ మీద గెలవడం నాకు వడిసెల రాయి కన్నా పెద్ద సంగతిగా అనిపిస్తుంది. ఇక్కడికి దగ్గర్లోనే కడవెండి, 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగిన ఊరు.

జనగామ. 2016లో జిల్లా కావాలని రోడ్లెక్కి కొట్లాడి తెచ్చుకున్న ఊరు, అందుకే ఇక్కడ జిల్లా కోర్టు బోర్డును జనం కొంచెం సొంతంగా చూస్తారు. మనం వచ్చేసరికి ఐదు కావస్తోంది. డ్రంక్ అండ్ డ్రైవ్ కుర్రాళ్లు జరిమానా కట్టి, తల దించుకుని, గేటు దాటగానే తలెత్తి పోతున్నారు. జిరాక్స్ షాపువాడు మిషను మీద గుడ్డ కప్పాడు. హనుమకొండ ఇంకా 55 కిలోమీటర్లు, పెంబర్తి వైపు కాదు, రఘునాథపల్లి, స్టేషన్ ఘన్‌పూర్ వైపు.

గేటు దగ్గర పంచె కట్టుకున్న పెద్దాయన ఒకాయన చెయ్యెత్తాడు. "రఘునాథపల్లి దాకా కొడుకా, ఎక్కించుకుంటవా? బస్సుకు గంట పడ్తది."

"ఇద్దరం ఉన్నం తాతా. ముగ్గురెక్కితే చలాన్. అదీ కోర్టు ముంగట."

"కోర్టు ముంగట ఎందుకు? ఆ మూల మీద ఎక్కుత."

చలానా ఒక్కటే కాదని మానుకోటలో విన్న లెక్క చెప్పాను, పడితే వచ్చే పైసల్లో కోత పెడతారని. ఆయనకు అది ఆసక్తిగా అనిపించింది. "నాకెంత వస్తది?"

"ఎన్నేండ్లు నీకు?"

"డెబ్బై రెండు."

"అరవై ఐదు దాటినోళ్లకు ఐదేండ్ల లెక్కే కడతరు తాతా. పిల్లగాండ్లకైతే పద్దెనిమిది."

"గంతేనా?" అన్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "అయితే నేను బస్సుకే పోత."